పెట్రోలు ట్యాంకులో సూట్‌కేసు

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. వాడు మా పక్క ఊరివాడే అయ్యుంటాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పొరపాటు. వాడి సంతానం జర్మనీకీ జపాన్‌కీ పాకి, ఇంజనీరింగ్ చదివి, కార్ల కంపెనీల్లో పెద్ద జీతాలకు కుదురుకుని, 1998 జూన్ నాటికి ఫ్రాన్సులోని లె మాన్ పట్నంలో తేలింది.

లె మాన్ అంటే ఇరవై నాలుగు గంటల కారు పందెం. 1923లో మొదలైంది. శనివారం మధ్యాహ్నం బయల్దేరిన కారు రాత్రంతా తిరిగి ఆదివారం మధ్యాహ్నానికి ఇంకా తిరుగుతూ ఉంటే గొప్ప. ఒక్కో కారుకు ముగ్గురు డ్రైవర్లు, కాలవ నీళ్ళకు వంతులు కాసే రైతుల్లాగా. ఆ యేడు టయోటా అక్కడికి జీటీ-వన్ అనే ఎర్రకారును తెచ్చింది. మనిషి నడుమంత ఎత్తుంటుందేమో. పెద్ద జెర్రిని ఇస్త్రీ చేసినట్టుంటుంది. అది పోటీ చేసే తరగతి పేరు జీటీ1. ఆ తరగతికో నిబంధన ఉంది: కారులో సామాను పెట్టుకునే చోటుండాలి, అందులో మామూలు సైజు సూట్‌కేసు ఒకటి పట్టాలి.

ఆ కారులో చెయ్యి దూరే సందు లేదు. మరి సూట్‌కేసు ఎక్కడ పెడతారయ్యా అంటే, టయోటావారు పెట్రోలు ట్యాంకు ఉండే జాగా చూపించారు. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు లెక్క ప్రకారం ఆ జాగాలో సూట్‌కేసు పడుతుందని వారి వాదం. నిర్వాహకులు విన్నారు. కొలతలు సరిపోయాయి. ఒప్పుకున్నారు.

ఒకసారి ఆ కారు కొన్న గృహస్థు అవస్థ ఊహించండి. బట్టలు సర్దుకుంటే పెట్రోలుండదు, పెట్రోలు పోయించుకుంటే బట్టలుండవు. ఇల్లు కదలాలంటే కట్టుబట్టలతో కదలాలి, బట్టలే కావాలంటే ఇంట్లోనే ఉండిపోవాలి. విమానాశ్రయంలో చేతిసంచి కొలిచే ఇనుప చట్రం ముందు నిలబడి, చక్రం ఒక్కటి బయటికి పొడుచుకొచ్చినందుకు మూడువేలు చదివించుకున్నవాణ్ణి నేను. టయోటా ఇంజనీరు ఒకడు పక్కనుంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. చట్రంలో పట్టకపోతేనేం, విమానం ట్యాంకులో పడుతుందని వాదించి పెట్టేవాడు.

అసలు జీటీ అంటే ఏమిటి? గ్రాన్ టురిస్మో. ఇటలీ మాట. ఇద్దరు మనుషులు, నాలుగు జతల బట్టలు, సాఫీగా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి సాగిపోయే దూరప్రయాణపు బండి అని భావం. పందెంలో జీటీ తరగతి పెట్టిన ఉద్దేశమూ అదే. కేవలం పందెం కోసం పుట్టిన యంత్రాలు ఒక పక్క పరిగెడుతుంటే, జనం డబ్బిచ్చి కొనుక్కుని రోడ్డు మీద తిప్పే కార్లు ఇంకో పక్క పోటీ పడాలి. రోడ్డు కారు ముందు, పందెం కారు తరవాత. కంపెనీ నిజంగా అలాంటి కార్లు తయారుచేసి అమ్ముతోందని లెక్కపెట్టి ముద్ర వేసే తంతుకు హోమోలగేషన్ అని పేరు. పేరు పలకడానికే నోరు తిరగదు గనక, దాని చుట్టూ తిరగడం కంపెనీలకు సులువైంది.

ఈ తంతులో ఒక పాత పాఠం పోర్షెది. 1969లో 917 అనే కారుకు ముద్ర కావాలి. పాతిక కార్లు తయారై ఉండాలని నిబంధన. మార్చిలో తనిఖీకి వచ్చినవాళ్ళకు పూర్తయినవి మూడు కనిపించాయి. పద్దెనిమిది బిగింపులో ఉన్నాయి, ఇంకో ఏడింటికి సామాన్లు గుట్టగా ఉన్నాయి. ఎలాగూ పందేనికి మళ్ళీ విప్పాల్సిందే కదా, ఇప్పుడు బిగించడం దేనికని కంపెనీ వాదన. కుదరదు, బిగించి చూపమన్నారు. అంతే. ఆఫీసు గుమాస్తాలు, సెక్రటరీలు, దొరికినవాళ్ళందరి చేతికీ స్పానర్లు ఇచ్చారు. ఏప్రిల్ 21న ఫ్యాక్టరీ ముందు పాతిక కార్లు వరసగా నిలబడ్డాయి. ఏదైనా ఎక్కి నడిపి చూడండని పోర్షె ఇంజనీర్ల పెద్ద ఫెర్డినాండ్ పీయెక్ తనిఖీవాళ్ళను పిలిచాడు. వాళ్ళు వద్దన్నారు. తెలివైనవాళ్ళు.

నాకు మా కాలేజీ గుర్తొచ్చింది. తనిఖీ రోజున ల్యాబులో కొత్త మైక్రోస్కోపులు పదహారు ప్రత్యక్షమయ్యాయి. వాటిలో ఒకదాని అడుగున తెల్లరంగుతో పక్క ఊరి కాలేజీ పేరుంది. ఆ పక్కను గోడవైపు తిప్పి పెట్టమని మా మేష్టారు నాకు పని పురమాయించారు. నా చదువుకు దక్కిన ఏకైక ప్రయోగానుభవం అది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: పోర్షె పాతిక కార్లూ పోర్షెవే, పక్క కంపెనీ నుంచి అరువు తెచ్చినవి కావు.

మళ్ళీ పాతికేళ్ళకు అదే కంపెనీ ఇంకో మెట్టెక్కింది. 1994లో లె మాన్ నిర్వాహకులు జీటీ కార్లను ప్రోత్సహిద్దామని కొంచెం చెయ్యి వదిలారు. పందెం యంత్రాలకు 80 లీటర్ల ట్యాంకు, జీటీలకు 120 లీటర్లది. పాపం రోడ్డు కార్లు, బరువెక్కువ, బలం తక్కువ, కాస్త ఎక్కువసార్లు తిరగనిద్దామన్న జాలి. పోర్షె ఇంజనీర్లు ఆ జాలిని రెండుసార్లు చదివారు. వాళ్ళ దగ్గర 962 అని పాత పందెంకోడి ఉంది. దాని అన్న 956 మొదటిసారి లె మాన్ గెలిచింది 1982లో. ఆ వంశం 1987 దాకా వరసగా ఆరుసార్లు గెలిచింది. రోడ్డుకూ దానికీ ఉన్న సంబంధం, చిరుతపులికీ గుమ్మంలో పడుకునే కుక్కకూ ఉన్నంత.

యోఖెన్ డావర్ అనే మాజీ డ్రైవరు ఆ 962కు తోలు సీటు ఒకటి చేర్చి, చిన్న సామాను గూడు పెట్టి, నంబరు ప్లేటు తగిలించి 1993లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో నిలబెట్టాడు. ఇదిగో రోడ్డు కారు! రోడ్డు కారుంది గనక దాన్నుంచి పుట్టిన పందెం కారు జీటీయే కదా! తండ్రికి కొడుకు బారసాల చేసినట్టుంది గానీ, కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. మేకవన్నె పులిని మేకల తరగతిలో వదిలారు. మేకల కోసమని దయతలచి పోసిన 120 లీటర్లూ పులి తాగింది. డాల్మాస్, హేవుడ్, బాల్డీ ముగ్గురూ కలిసి 1994 లె మాన్ గెలిచారు. అదీ తరగతిలో కాదు, మొత్తం పందెం. నిర్వాహకులు మర్నాటి నుంచి ఆ సందు పూడ్చే పనిలో పడ్డారు.

మధ్యలో ఒక్క యేడు ధర్మం నాలుగు పాదాలా కాకపోయినా నాలుగు చక్రాల మీద నడిచింది. 1995. మెక్‌లారెన్ ఎఫ్1 అనే కారును గోర్డన్ మర్రే పందేనికని గియ్యలేదు. రోడ్డు మీదకనే గీశాడు. డ్రైవరు మధ్యలో, అటొకరు ఇటొకరు ప్రయాణికులు, పక్కల్లో సామాను అరలు, ఆ అరల కొలతకు కుట్టించిన పెట్టెలు. నిజంగా సూట్‌కేసు పట్టే కారు. కొన్నవాళ్ళు పందెం ఆడతామని పట్టుబడితే సరేనని జీటీఆర్ తయారుచేశారు. నిబంధనల ప్రకారం ఇంజనుకు అందే గాలి తగ్గించడంతో పందెం కారు బలం రోడ్డు కారుకన్నా తగ్గింది. రోడ్డు కారుకు 627 గుర్రాలు, పందెం కారుకు సుమారు 600. పందెంలోకి దిగడానికి బలం వదులుకోవలసిన కారు, చరిత్రలో ఇలాంటి అమాయకురాలు ఇంకొకటి ఉందా? ఆ యేడు గంటల తరబడి వాన. యంత్రాలు ఒక్కొక్కటీ మొరాయిస్తుంటే ఈ అమాయకురాలు మాత్రం తిరుగుతూనే ఉంది. లెహ్తో, డాల్మాస్, సెకియా గెలిచారు. మూడు, నాలుగు, ఐదు స్థానాలు కూడా మెక్‌లారెన్‌లవే.

నిజాయితీ గెలవగానే పోటీదార్లు చేసే మొదటి పని ఏమిటి? నిజాయితీని అనుకరించడం. అది ఎంత ఖర్చయినా సరే.

పోర్షె 1996లో 911 జీటీ1 తెచ్చింది. 911 అంటే కుర్రాళ్ళ గోడమీద బొమ్మ. దాని జాతకమంతా ఒక్క మాటలో ఉంది: ఇంజను తోకలో, వెనక ఇరుసుకు కూడా వెనకాల. కొత్తదాంట్లో ఇంజను ఇరుసు ముందుకొచ్చి మధ్యలో కూర్చుంది. ముందు సగం 911 చట్రం, వెనక సగం పాత 962 తరహా. పెళ్ళికొడుకు ఇతనే గానీ వేసుకున్న చొక్కా నాది అన్నాడు చూశారూ, ఇక్కడ చొక్కాయే 911ది, పెళ్ళికొడుకు వేరేవాడు. హెడ్‌లైట్లు చూసి గుర్తుపట్టుకోవాలి. ఆ యేడు రెండు, మూడు స్థానాల్లో వచ్చింది. గెలిచింది ఎవరయ్యా అంటే యోస్ట్ జట్టువాళ్ళు నడిపిన కప్పులేని పందెం కారు, దాని ఇంజనూ పోర్షెదే. మరుసటి యేడు 911 జీటీ1 ముందంజలో ఉండగా, ఇంకో రెండు గంటలుందనగా నిప్పంటుకుంది. ఆ సమయానికి నడుపుతున్నవాడు రాల్ఫ్ కెల్లెనర్స్. ఈ పేరు గుర్తుంచుకోండి, పని ఉంది.

అసలు వినోదం మెర్సిడెస్‌ది. 1997లో మోటారు పందేల ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏ జీటీ చాంపియన్‌షిప్ పెట్టింది. పాతిక రోడ్డు కార్లు అమ్మాలి, కానీ ముందే అమ్మనక్కర్లేదు, అమ్ముతామని మాటిస్తే చాలు. అప్పు తీరుస్తానన్న మాట మీద అప్పిచ్చే షావుకారును నేనింతవరకు చూడలేదు, ఎఫ్‌ఐఏని చూశాను. మెర్సిడెస్ పందెం విభాగం 128 రోజుల్లో సీఎల్‌కే జీటీఆర్ అనే కారును నిలబెట్టింది. మా వీధి చివర మురుగుకాలవ మీద రాతిపలక వెయ్యడానికి ఇంతకన్నా ఎక్కువ రోజులు పట్టింది, అది వేరే సంగతి. ఎలా సాధ్యమైందంటే, పోటీ కారు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి పోటీ కారునే కొన్నారు. మెక్‌లారెన్ జీటీఆర్ ఒకటి చేతులు మారి మెర్సిడెస్ ముంగిట్లోకొచ్చి, కొత్త కారు భాగాలకు పరీక్షబొమ్మ అయింది. ఇంకో తమాషా. ఫార్ములా వన్‌లో మెక్‌లారెన్‌కు ఇంజన్లిచ్చేది మెర్సిడెస్సే. ఈ జీటీఆర్‌లో ఉన్న ఇంజను మాత్రం మెర్సిడెస్‌కు బద్ధశత్రువైన బీఎండబ్ల్యూది. వియ్యంకుడి ఇంట్లో పగవాడి కత్తి దొరికితే, పట్టుకొచ్చి మన ఒరలో పెట్టి చూసుకున్నట్టు.

సీఎల్‌కే అంటే అప్పుడే వస్తున్న నెమ్మదైన రెండు తలుపుల కారు. వకీళ్ళూ దంతవైద్యులూ కొనుక్కునేది. దాని ముందు జల్లెడ, దీపాలు తెచ్చి, నడిమధ్యన 12 సిలిండర్ల ఇంజనున్న ఈ భూతం మొహానికి అతికించారు. పోలిక అక్కడితో సరి. కారు 1997 ఏప్రిల్‌లో పందెంలోకి దిగింది, ఆ యేడే బెర్న్డ్ ష్నైడర్ చాంపియన్ కూడా అయ్యాడు. ఏ రోడ్డు కారు నుంచి ఇది పుట్టిందో ఆ రోడ్డు కారు ఇంకా పుట్టలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే నవ్వుకునేవాళ్ళం. ఇక్కడ సోమలింగం కుస్తీ పోటీల్లో కప్పు కొట్టుకొచ్చాక తల్లికి సంబంధాలు చూశారు. ఆ పాతిక రోడ్డు కార్లూ తరవాత తీరిగ్గా వచ్చాయి. ప్రపంచంలో అన్నిటికన్నా ఖరీదైన ఉత్పత్తి కారుగా గిన్నిస్ పుస్తకం కూడా ఎక్కాయి. ధర ఒక్కోటి పదిహేను లక్షల డాలర్లు. దూడగడ్డి ధర అది.

1998లో మెర్సిడెస్ ఎఫ్‌ఐఏ పందేలు పదికి పది గెలిచింది. పదింటికి పది! ఇంకెవరైనా ఎందుకొస్తారు? సొంత డబ్బుతో మెక్‌లారెన్‌లు కొనుక్కుని, వారాంతం సరదాకు వచ్చిన జట్లన్నీ అప్పటికే చతికిలబడ్డాయి. కంపెనీలు కూడా తప్పుకున్నాయి. 1999కి జీటీ1 తరగతిలో చేరేవాళ్ళు లేక తరగతినే ఎత్తేశారు. చెరువులో చేపలన్నీ తినేసిన కొంగ, చెరువెండిపోయిందని ఎగిరిపోయింది. మెర్సిడెస్‌కు లె మాన్‌లో మాత్రం 1998 కలిసిరాలేదు. మొదటి వరసలో మొదటి చోటు దక్కించుకుని, చీకటి పడకముందే రెండు కార్లూ ఇంజన్లు చెడి ఇంటిదారి పట్టాయి.

ఇక మన టయోటా. సూట్‌కేసు ట్యాంకులో పెట్టుకుని బయల్దేరిందే, అది నిజంగా గెలిచేలాగే ఉంది. ఇంకో గంటా ఇరవై నిమిషాలుందనగా ముందున్నది అదే. గేర్‌బాక్సు పోయింది. ఆ కారు డ్రైవర్లు బూట్సెన్, లీస్, ఇంకా, అవును, కెల్లెనర్స్. నిరుడు నిప్పు, ఈ యేడు గేరు. రామేశ్వరం పోయినా శనేశ్వరం వదల్లేదంటారు, ఆయన కంపెనీ మార్చినా వదల్లేదు. పోర్షెకు కారు కంపెనీగా యాభై యేళ్ళు నిండిన యేడు అది. మెక్‌నిష్, అయేల్లో, ఓర్టెల్లీ నడిపిన 911 జీటీ1 మొదట వచ్చింది, దాని తోటి కారు రెండోది.

రోడ్డు కార్ల సంగతి అడుగుతారేమో. టయోటా రెండు కట్టింది, రెండూ తనే ఉంచుకుంది. నిస్సాన్ ఆర్390 పేరుతో పోటీకొచ్చింది, పది లక్షల డాలర్లు అని ధర కూడా చెప్పింది, కారు మాత్రం కంపెనీ గిడ్డంగి దాటలేదు. కొనుక్కోవడానికి వీల్లేని, కొన్నా పెట్టె పట్టని, ఎక్కినా నడుము పట్టే కారు. దూరప్రయాణపు బండి!

1999కి లె మాన్ నిర్వాహకులకు విసుగొచ్చింది. సరే బాబూ, రోడ్డు కారు అక్కర్లేదు, పాతికా వద్దు, ఒకటీ వద్దు, పైన కప్పుంటే చాలు అని ఎల్‌ఎంజీటీపీ అని కొత్త తరగతి పెట్టారు. జీటీ పక్కన పీ. ప్రోటోటైప్ అన్నమాట. నేతిబీరకాయ మీద "ఇందులో నెయ్యి లేదు" అని చీటీ అంటించారు, పేరు మాత్రం మార్చలేదు. మెర్సిడెస్ ఇప్పుడు ఏ మొహమాటమూ లేకుండా సీఎల్‌ఆర్ అనే కారును తెచ్చింది. పొడవాటి ముక్కు, పొడవాటి తోక, చక్రాలు మాత్రం దగ్గర దగ్గరగా. అడుగు భాగం బల్లపరుపు. ముందు పోయే కారు గాలిని చీల్చేస్తే వెనక వచ్చే ఈ కారు ముక్కు మీద ఒత్తిడి తగ్గుతుంది. అక్కడే రోడ్డు కాస్త ఉబ్బుగా ఉంటే ముక్కు లేస్తుంది. లేచిన ముక్కు కిందికి గాలి దూరితే ఆ బల్లపరుపు అడుగే గాలిపటం.

గురువారం అర్హత పందెంలో మార్క్ వెబర్ కారు గాల్లోకి లేచి పల్టీకొట్టింది. అతనికేం కాలేదు. కారును బాగుచేసి మళ్ళీ అతనికే ఇచ్చారు. శనివారం పొద్దున సన్నాహంలో మళ్ళీ లేచింది, ఈసారి వీపు మీద జారుకుంటూ పోయింది. అప్పటికీ మిగతా రెండు కార్లను పందెంలో దించారు. ముక్కుకు చిన్న రెక్కలు అతికించి, ముందున్న కారుకు మరీ దగ్గరగా వెళ్ళొద్దని డ్రైవర్లకు చెప్పి పంపారు. పందెంలో ముందువాడి దగ్గరికి వెళ్ళకూడదట. పెళ్ళిలో భోజనం చెయ్యొచ్చు గానీ నోరు తెరవొద్దన్నట్టు.

పీటర్ డంబ్రెక్ చెప్పిన మాట వినలేదో, వినడానికి వీల్లేకపోయిందో గానీ, శనివారం సాయంత్రం ఒక టయోటా వెనకాల గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటే ముక్కు లేచింది. ప్రపంచమంతా టీవీలో చూస్తుండగా కారు గాల్లో మొగ్గలేసి, కంచె దాటి, చెట్లలోకి వెళ్ళి పడింది. దేవుడి దయ, మనిషి బతికి బయటపడ్డాడు. మిగిలిన ఒక్క కారును మెర్సిడెస్ వెంటనే లోపలికి పిలిచి షట్టరు దించేసింది.

ఐదారేళ్ళుగా ఎక్కడ పెట్టాలో తెలియక అందరూ బుర్రలు బద్దలుకొట్టుకున్న ఆ సూట్‌కేసును, నాలుగు చీరలూ ఒక ఆవకాయ జాడీతో సహా, తీసుకెళ్ళి ఆ ముక్కు మీద పెట్టి ఉంటే సరిపోయేది.